ఆ పచ్చిక మీద బండి దింపకండి: లద్దాఖ్ యాత్రలు నడిపే మన తెలుగు ట్రావెల్స్ వారికి బహిరంగ లేఖ

బరంపురం, ఇచ్ఛాపురం, శ్రీకాకుళం, విశాఖల నుంచి ఏటా వేసవిలో జనాన్ని లద్దాఖ్ తీసుకెళ్ళే ట్రావెల్స్ యజమానులకు, టూర్ మేనేజర్లకు, మోటార్‌సైకిల్ బృందాలను నడిపించే తమ్ముళ్ళకు నమస్కారం.

నేను గంజాం జిల్లా తీరంలో, ఋషికుల్య మొగకు దగ్గర్లో పుట్టినదాన్ని. మా నాన్న చేపల వేటకెళ్ళి మమ్మల్ని పెంచాడు. నేను నాలుగక్షరాలు నేర్చుకుని బరంపురంలో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. గత జులైలో మీలో ఒకరి ద్వారా పద్నాలుగు మందిమి లద్దాఖ్ వెళ్ళాం. మనుషుల్ని బాగానే చూసుకున్నారు. వేళకు అన్నం పెట్టారు. మాలో ఒకావిడకి ఆయాసం వస్తే మేనేజరు రాత్రంతా ఆక్సిజన్ సిలిండర్ పక్కనే కూర్చున్నాడు. నా బాధ వేరే సంగతి గురించి.

త్సో కర్ సరస్సు దగ్గరికి వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. అదేరోజు ఇంకో సరస్సు కూడా చూపించాలి. రోడ్డు మీంచి నీళ్ళు దూరంగా కనిపిస్తున్నాయి, మధ్యలో పచ్చిక. మేనేజరు బండిని పచ్చికలోకి దింపమన్నాడు. డ్రైవరు లద్దాఖీ కుర్రాడు, "ఉధర్ నహీ సర్" అని రెండుసార్లు అన్నాడు. టైం లేదు, ఫొటోలు తీసుకోవాలి, దింపు అని మేనేజరు గదమాయించాడు. మూడు కార్లూ దిగాయి. రెండో కారు వెనక చక్రాలు కూరుకుపోయాయి. ముప్పావు గంట సేపు తోశారు, లాగారు, చక్రం కింద రాళ్ళు వేశారు. పైకి వచ్చేటప్పటికి ఆ చోట గడ్డి లేదు. నల్లటి బురద, అందులో మోకాలి లోతు రెండు గాళ్ళు, ఆ గాళ్ళలోకి ఊరుతున్న నీళ్ళు. అక్కడికి రెండువందల అడుగుల దూరంలో నల్లమెడ కొంగల జంట, వాటి వెనక గోధుమరంగు పిల్ల. అవి మేత మానేసి మెడలు ఎత్తి చూసి, పిల్లను వెంటేసుకుని దూరంగా నడుచుకుంటూ పోయాయి.

మేకలు కాసుకుంటున్న ఒకావిడ మా దగ్గరకొచ్చింది. మా వయసే ఉంటుంది. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. వంగి, వేళ్ళతో సహా లేచిపోయిన గడ్డిపెళ్ళ ఒకటి తీసి, గాడిలో పెట్టి, కాలితో అదిమింది. తర్వాత ఇంకోటి. మేం బయల్దేరేటప్పుడు కూడా అదే చేస్తోంది.

తిరిగొచ్చాక ఆ ట్రావెల్స్ వారికి మూడు ఉత్తరాలు రాశాను. రెండిటికి రిజిస్టర్డ్ పోస్టు రసీదు కార్డులు సంతకంతో తిరిగొచ్చాయి, జవాబు రాలేదు. ఆఫీసుకి వెళ్తే, "మీకు డబ్బు ఎంత వాపసు కావాలమ్మా?" అని అడిగారు. నేను డబ్బు అడగలేదు. చెప్పింది వినమని అడిగాను. మరో ఇద్దరు ట్రావెల్స్ వారికి కూడా రాశాను, వాళ్ళూ పలకలేదు. అందుకే ఇలా అందరి ముందూ రాస్తున్నాను. ఒక్కరి పేరు బయటపెట్టడం నా ఉద్దేశం కాదు. ఆ రోజు మేం వెళ్ళేసరికే ఆ పచ్చికలో పాత గాళ్ళు ఎన్నో ఉన్నాయి, అవి మా ఒక్క బృందానివి కావు.

అక్కడ ఏం పాడవుతోందో, ఎవరికి నష్టమో వరుసగా చెప్తాను.

1. ఆ నీటికి బయటకు దారి లేదు.

మన ఋషికుల్య, బాహుదా కొండల్లో పుట్టి సముద్రంలో కలుస్తాయి. ఏటిలో చెత్త వేయడం తప్పే, అయినా వరదొస్తే ఏరు తనను తాను కడుక్కుంటుంది. లద్దాఖ్ తూర్పున చాంగ్‌థాంగ్‌లో ఆ వీలు లేదు. త్సో కర్, త్సో మొరిరి, పాంగాంగ్ మూడూ మూసుకుపోయిన పరీవాహకాలు. చుట్టూ కొండలు, మధ్యలో గిన్నెలాంటి పల్లం. మంచు కరిగిన నీళ్ళు, ఊటనీళ్ళు ఆ పల్లంలోకి దిగుతాయి, మళ్ళీ బయటకు పారవు. ఎండకీ గాలికీ ఆవిరవడం ఒక్కటే వాటికి దారి.

హుమ్మా ఉప్పుమడులు చూసినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. నీళ్ళు ఎండకి పోతాయి, ఉప్పు మిగులుతుంది. త్సో కర్ అంటే తెల్ల సరస్సు, గట్ల మీద పేరుకున్న ఉప్పు వల్లే ఆ పేరు. చాంగ్పా పశుపాలకులు పూర్వం ఆ ఉప్పు ఏరి గొర్రెల మీద వేసుకుని కింది ఊళ్ళకు పోయి ధాన్యానికి మార్చుకునేవారు. ఒకప్పుడు ఈ సరస్సు ఎంతో పెద్దది. ఇప్పటి నీటిమట్టానికి బాగా ఎత్తున, కొండవాలు మీద పాత తీరపు గీతలు మెట్లు మెట్లుగా ఇప్పటికీ కనిపిస్తాయి. నేను కళ్ళారా చూశాను. అంత చోటులో ఆ గీతల గురించి చెప్పిన గైడు ఒక్కడూ లేడు, ఫలానా సినిమా ఎక్కడ తీశారో మాత్రం చెప్పారు.

ఎత్తు సంగతి. గజపతి జిల్లాలో మన మహేంద్రగిరి 1,501 మీటర్లు. అలాంటి కొండలు మూడు ఒకదాని మీద ఒకటి నిలబెడితే త్సో కర్ నీళ్ళ దగ్గరికి చేరతాం. వాన గురించి చెప్పాలంటే, గంజాంలో ఏడాదికి 1,200 మిల్లీమీటర్లకు పైగా పడుతుంది, లేహ్‌లో సుమారు 100. హిమాలయాలు నైరుతి మేఘాలను దక్షిణం వైపే ఆపేస్తాయి. నీళ్ళు కళ్ళెదుట కనిపిస్తున్నా అది ఎడారే.

మన చిల్కా సంగతి గుర్తు చేసుకోండి. మొగ పూడిపోయి, ఉప్పదనం తగ్గి, నాచు పెరిగి, చేపలు పడిపోతే 1993లో చిల్కాను ప్రమాదంలో ఉన్న చిత్తడినేలల పట్టీలో చేర్చారు. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త మొగ తవ్వారు. చేపలు తిరిగొచ్చాయి, 2002లో ఆ పట్టీ నుంచి పేరు తీసేశారు. చిల్కాకి తవ్వడానికి ఒక సముద్రం పక్కనే ఉంది. త్సో కర్‌కి ఏ పక్కన తవ్వుతారు?

2. బతుకంతా ఆ తడి అంచు మీదే ఉంది.

త్సో కర్ అనేది నిజానికి రెండు సరస్సులు. దక్షిణాన స్టార్త్సపుక్, సుమారు 438 హెక్టార్ల మంచినీటి సరస్సు. అది ఉత్తరాన ఉన్న 1,800 హెక్టార్ల ఉప్పు సరస్సులోకి పారుతుంది. ఉప్పు సరస్సులో ఎవరూ తాగలేరు, గట్టు మీద గడ్డి మొలవదు. కొండవాలంతా గులకరాయి, ఇసుక. మిగిలింది మంచినీటి ఊటల చుట్టూ, వాగుల వెంబడి ఉన్న సన్నటి పచ్చటి పట్టీ. నల్లమెడ కొంగ గూడు కట్టేది అక్కడే. తల మీద రెండు నల్లచారలున్న పెద్దబాతు మేసేది, అడవి గాడిద కియాంగ్ దిగేది, చాంగ్పాల మేకలు, జడలబర్రెలు మేసేది అక్కడే. మీరు ఫొటోల కోసం బండి దింపేదీ అక్కడే. చుట్టూ ఎంత బంజరు ఉన్నా చక్రం వెళ్ళేది ఆ పచ్చదనం మీదికే.

అక్కడ గడ్డి పెరిగేది జూన్ నుంచి సెప్టెంబరు దాకా, మూడు నాలుగు నెలలు. మిగతా ఏడాదంతా నేల గడ్డకట్టి ఉంటుంది. మన చేలగట్టు మీద బండి పోతే ఒక వానకి మళ్ళీ గరిక లేస్తుంది. అక్కడ వేళ్ళు తెగిన చోట గాడి ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. ఇంకో సంగతి ఆ మేకలావిడ చేత్తో చూపిస్తే అర్థమైంది. గాడి పడగానే చుట్టుపక్కల తడి అందులోకి దిగి కాలువలా పారిపోతుంది, దాంతో గాడికి రెండు పక్కలా గడ్డి కూడా ఎండుతుంది. ఒక చక్రం జానెడు వెడల్పే తొక్కుతుంది, నష్టం అంతకు ఎన్నో రెట్లు.

3. ఆ గడ్డి ఒకరి ఇంటి కూడు.

చాంగ్పాలు మేకల మీద బతికేవాళ్ళు. కాశ్మీరు శాలువాకు పేరు తెచ్చిన పష్మినా ఆ మేకల పైబొచ్చు కింద ఉండే మెత్తటి నూగు. ఎముకలు కొరికే చలి వల్లే ఆ నూగు మొలుస్తుంది, వేసవిలో మేసిన గడ్డే ఆ చలిని తట్టుకునే బలం ఇస్తుంది. పచ్చిక తరిగితే మేక చలికాలం దాటదు. మేక దాటకపోతే ఆ ఇల్లు పల్లెలో నిలవదు. ఖర్నక్ ప్రాంతపు చాంగ్పాలు చాలామంది ఇప్పటికే మందలు అమ్ముకుని లేహ్ శివార్లకు చేరారు. వాళ్ళున్న చోటికి ఖర్నక్‌లింగ్ అని పేరే వచ్చింది. బడి, వైద్యం, కూలి, చలి, కారణాలు చాలా ఉన్నాయి, అంతా యాత్రికుల వల్లే అనను. కానీ ఇప్పటికే సన్నగిల్లిన బతుకు మీద మనం ఇంకో బరువు పెట్టకూడదు. సముద్రం ఊరిని కోసేస్తే పోడంపేట మనుషులు ఇళ్ళు వదిలి లోపలికి జరగడం నేను చూశాను. పుట్టిన నేల కాళ్ళ కింద తరిగిపోతుంటే ఎలా ఉంటుందో మా తీరంవాళ్ళకి తెలుసు.

4. మీరు పారేసే తిండి కుక్కల్ని పెంచుతోంది.

పులిహోర పొట్లాలు, ఉడికించిన గుడ్లు, బిస్కెట్లు. తినగా మిగిలింది గట్టునే వదిలేశాం. "కుక్కలు తింటాయిలే" అన్నారు ఒకరు. తింటాయి. సైనిక శిబిరాల దగ్గర, యాత్రికుల గుడారాల దగ్గర దొరికే ఎంగిలి మెతుకులతో అక్కడ ఊరకుక్కలు మందలు మందలుగా పెరిగాయి. నవంబరు వచ్చి యాత్రికులు పోయాక వాటికి తిండి ఉండదు, అప్పుడు మేకల మీద పడతాయి. వేసవిలో నల్లమెడ కొంగల గుడ్లు, పిల్లలు తింటాయి. ఆ కొంగ ఏడాదికి ఒకటో రెండో గుడ్లు పెడుతుంది. లద్దాఖ్ తన పక్షిగా ప్రకటించుకున్నది దాన్నే. గట్టున పారేసిన ఒక్క గుడ్డు పెంకు కూడా ఆ కుక్కకి దారి చూపిస్తుందని దయచేసి మీ యాత్రికులకు చెప్పండి.

5. నీళ్ళు తోడేదీ మనమే, మురికి వదిలేదీ మనమే.

2011 లెక్కల్లో లద్దాఖ్ జనాభా 2 లక్షల 74 వేలు. 2022లో అక్కడికి వెళ్ళిన యాత్రికులు 5 లక్షలు దాటారు. లద్దాఖీల పాతకాలపు ఇళ్ళలో మరుగుదొడ్డికి నీళ్ళు వాడరు. మట్టి, బూడిద వేసి ఎరువు చేసి పొలానికి తోలతారు. ఎడారిలో తరతరాలు బతికిన వాళ్ళ తెలివి అది. మనం వెళ్ళి గదికో నీళ్ళ మరుగుదొడ్డి, వేణ్ణీళ్ళ స్నానం కావాలంటాం. మీ కరపత్రాల్లో సరస్సు గట్టునే "అటాచ్డ్ బాత్‌రూం గుడారం" అని పెద్దక్షరాలతో వేస్తారు. ఆ మురికి గొయ్యిలోకి పోతుంది, గొయ్యి నుంచి ఇసుకలోకి, ఇసుక నుంచి నీళ్ళలోకి. మొదటి మాట మళ్ళీ చూడండి: ఆ నీటికి బయటకు దారి లేదు.

6. అది మన పక్షుల పుట్టిల్లు.

ఇది చిల్కా ఒడ్డు వాళ్ళకి చెప్తున్నాను. చలికాలంలో రంభ దగ్గర, నలబన దీవి చుట్టూ వాలే పక్షుల్లో రెండిటిని చూడండి. ఒకటి తల మీద రెండు నల్లచారల పెద్దబాతు. హిమాలయాలు దాటుకుని వస్తుంది. అది 7,000 మీటర్లకు పైన ఎగరడం పరిశోధకులు ఉపగ్రహ పరికరాలతో నమోదు చేశారు. రెండోది ఇటుకరంగు బాతు. అదే మన జక్కవ, చక్రవాకం. రాత్రయితే విడిపోయి నదికి చెరో ఒడ్డున ఏడుస్తాయని మన కవులు ఎన్ని పద్యాలు చెప్పారో! ఆ జక్కవ జంటలు కట్టుకునే గూళ్ళు మన పద్యాల్లో లేవు. చాంగ్‌థాంగ్ సరస్సుల చుట్టుపక్కల ఉన్నాయి. ఈ రెండు జాతులూ అక్కడ పిల్లలు చేస్తాయి, చలికి కిందికి దిగుతాయి. చిల్కాలో ఈమధ్య ఏళ్ళ లెక్కల్లో 10 లక్షలకు పైగా పక్షులు తేలుతున్నాయి. ఆ పక్షుల్ని చూపించి పడవ తోలుకుని బతికే కుటుంబాలు మన దగ్గరే ఉన్నాయి. పక్షిని ఒక చివర కాపాడి రెండో చివర గూడు తొక్కేస్తే లెక్క కుదరదు.

ఇవన్నీ చట్టం కాపాడే చోట్లే. త్సో మొరిరిని 2002లో, త్సో కర్‌ను 2020లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడినేలలుగా రామ్‌సార్ ఒప్పందం కింద చేర్చారు, మన చిల్కాను 1981లో చేర్చినట్టే. అయినా 2022లో పాంగాంగ్ నీళ్ళలోకి కారు దింపి, బల్ల వేసుకుని కూర్చున్న వీడియో దేశమంతా చూసింది. అంత పెద్ద బయలులో ప్రతి మలుపు దగ్గరా కాపలా పెట్టడం ఏ ప్రభుత్వం వల్లా కాదు. బండిలో ముందు సీట్లో కూర్చున్న మీ మేనేజరు మాట మీదే అంతా ఉంది.

"జనం డబ్బులిచ్చి వచ్చారు, దగ్గరికి తీసుకెళ్ళకపోతే ఊరుకుంటారా" అని మీరంటారు. ఒక్కమాట వినండి. ఋషికుల్య మొగలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయి. 2023లో, 2025లో 6 లక్షలకు పైగా వచ్చాయి. వాటి కోసం ఏటా నవంబరు 1 నుంచి మే 31 దాకా తీరం నుంచి 20 కిలోమీటర్ల వరకు మోటారు బోట్ల వేట నిషేధం. ఏడు నెలలు. మా అన్నదమ్ముల పిల్లలు ఆ ఏడు నెలల్లో చెన్నైకో, కేరళకో, గుజరాత్‌కో కూలికి పోతారు. కోపం ఉంటుంది, గొడవలు అవుతాయి, పరిహారం చాలదని ధర్నాలు చేస్తారు. అయినా తాబేళ్ళు ఒడ్డెక్కే రాత్రి దీపాలు ఆర్పి, కుక్కల్ని తోలి కాపలా కాసేదీ ఆ కుర్రాళ్ళే. పూట గడవని వాళ్ళు ఒక తాబేలు కోసం ఏడు నెలల కూడు వదులుకుంటున్నారు. సెలవుల్లో సరదాగా వెళ్ళిన మనల్ని రోడ్డు మీద దిగి ఐదు నిమిషాలు నడవమంటే మనం నడవలేమా? మా బృందంలో అందరికన్నా పెద్దావిడకి డెబ్బై రెండేళ్ళు. "నేను నడుస్తానమ్మా, నన్ను ఎవరూ అడగలేదు" అంది ఆవిడ.

నేను మిమ్మల్ని కోరేవి ఇవి.

1. రోడ్డు మీద గాని, అక్కడివాళ్ళు వాడే బండిబాట మీద గాని తప్ప ఎక్కడా చక్రం దిగకూడదు. ఈ మాట మీ టికెట్టు మీద, కరపత్రం మీద తెలుగులో అచ్చు వేయండి. డ్రైవరు వద్దంటే మేనేజరు ఎదురు చెప్పకూడదని మీ మేనేజర్లకు రాతపూర్వకంగా ఇవ్వండి. అక్కడి నేల అక్కడి కుర్రాడికే తెలుసు.

2. ఒక్కరోజులో రెండు మూడు సరస్సులు చూపించే ప్రోగ్రాములు తీసేయండి. బండి పచ్చికలోకి దిగడానికి అసలు కారణం ఈ తొందరే. ఒకరోజు పెంచి, దానికి తగ్గట్టు ధర పెంచండి. ఇస్తాం. ఎత్తుకు అలవాటుపడటానికీ ఆ రోజు పనికొస్తుంది.

3. సరస్సు గట్టున వేసిన గుడారాల్లో బస పెట్టకండి. కోర్జోక్ లాంటి ఊళ్ళల్లో, లద్దాఖీల ఇళ్ళలో బస ఏర్పాటు చేయండి. ఎండు మరుగుదొడ్డి ఎలా వాడాలో బయల్దేరే ముందే చెప్పండి. మొదటిరోజు ఇబ్బందిగా ఉంటుంది, రెండోరోజుకి అలవాటవుతుంది. నాకు అయింది.

4. బండికో చెత్త సంచి. తిండి ముక్కతో సహా తీసుకెళ్ళిందంతా తిరిగి లేహ్ రావాలి. కుక్కలకు ఏమీ వేయకూడదు.

5. జూన్, జులై నెలల్లో కొంగలు పిల్లలతో ఉంటాయి. వాటి దగ్గరికి పోవడం, డ్రోన్ ఎగరేయడం వద్దు. దూరదర్శిని ఒకటి బండిలో ఉంచండి. రోడ్డు మీంచే పిల్ల నడక చూస్తే అందరూ మురిసిపోతారు.

6. మా బృందం పాడుచేసిన చోటు గురించి ఆ ట్రావెల్స్ వారు అక్కడి గ్రామపెద్దలకు ఒక ఉత్తరం రాసి క్షమాపణ చెప్పాలి. బాగుచేయడానికి ఏం చేయాలో వాళ్ళనే అడగాలి. నా వంతు ఖర్చు నేను ఇస్తాను. మిగతా పదముగ్గురిలో తొమ్మిది మంది ఇస్తామన్నారు.

యాత్రికులకు కూడా ఒక మాట. సీటు బుక్ చేసేటప్పుడు హోటల్ ఎలా ఉంటుంది, భోజనం మన వంటేనా అని అడుగుతాం. బండి పచ్చికలోకి దింపుతారా అని కూడా అడగండి. ఆ రోజు నేను కారులోనే కూర్చుని ఉన్నాను, డ్రైవరు "నహీ" అన్నప్పుడు నేనూ నోరు విప్పలేదు. విప్పి ఉంటే మిగతావాళ్ళు కూడా అనేవాళ్ళేమో.

వచ్చే వేసవి బుకింగులు సంక్రాంతి తర్వాత మొదలుపెడతారు. ఆలోపు పై ఆరింటిలో ఏవి ఒప్పుకుంటారో, ఏవి కుదరవో, ఎందుకు కుదరవో చెప్పండి. ఒప్పుకున్న ట్రావెల్స్ పేర్లు నేనే రంభ నుంచి ఇచ్ఛాపురం దాకా మా ఊళ్ళల్లో ఇంటింటికీ చెప్తాను. ఆఫీసుకి మళ్ళీ రమ్మన్నా వస్తాను. ఆ గడ్డిపెళ్ళల ఫొటోలు నా దగ్గర ఉన్నాయి, అవి కూడా తెస్తాను.

ఇట్లు,
గంజాం తీరపు ఒక తెలుగు ఆడబిడ్డ,
బరంపురం